రెడీమేడ్ కాంపోనెంట్లతో సాఫ్ట్‌వేర్ కడుతున్నారా? క్వాలిటీ బాధ్యత ఎవరిది?

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బీటెక్, ఎంసీఏ చదివే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. "సార్, మా ప్రాజెక్టులో సగానికి పైగా లైబ్రరీలే. వాటిని తయారు చేసినవాళ్ళు టెస్ట్ చేసే ఇచ్చారు కదా, మళ్ళీ మేమెందుకు టెస్ట్ చేయాలి?"

మంచి ప్రశ్న. ముందు కాంపోనెంట్ అంటే ఏందో చూద్దాం. ఒక పనిని పూర్తిగా చేసిపెట్టే, చాలా ప్రోగ్రాముల్లో మళ్ళీ మళ్ళీ వాడుకోగల భాగాన్ని కాంపోనెంట్ అంటాం. లాగిన్‌కు ఒకటి, పీడీఎఫ్ తయారీకి ఒకటి, పేమెంట్‌కు ఒకటి. అన్నీ మనమే రాస్తే ఏళ్ళు పడుతుంది కాబట్టి ఉన్నవి తెచ్చి కలుపుకుంటాం. అందులో తప్పు లేదు.

అయితే ఒక బోరు మోటరు సంగతి చూడండి. 5 హెచ్‌పీ మోటరుకు 10 హెచ్‌పీ స్టార్టర్ బిగించారనుకుందాం. మోటరు మంచిదే, స్టార్టరూ మంచిదే. కానీ ఆ స్టార్టర్‌లోని రిలే 10 హెచ్‌పీ కరెంటుకు తగ్గట్టు ఉంటుంది. మోటరు మీద లోడ్ పెరిగినా అది ట్రిప్ కాదు, వైండింగ్ కాలిపోతుంది. తప్పు ఏ వస్తువులోనూ లేదు, కలిపిన చోట ఉంది. సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే. కాంపోనెంట్ విడిగా పాస్ కావడం వేరు, మన దగ్గర సరిగ్గా పనిచేయడం వేరు.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఏరియాన్ 5 రాకెట్. 1996 జూన్ 4న మొదటి ప్రయోగం. ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిన నావిగేషన్ సాఫ్ట్‌వేర్‌ను అందులో మళ్ళీ వాడారు. కొత్త రాకెట్ అడ్డంగా కదిలే వేగం పాతదానికంటే చాలా ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే పట్టలేదు. 16 బిట్లలో గరిష్ఠంగా 32,767 వరకే పడుతుంది. స్పేర్‌గా రెండో యూనిట్ ఉన్నా అందులోనూ అదే కోడ్, కాబట్టి అదీ అదే కారణంతో ఆగిపోయింది. ఎగిరిన 40 సెకన్లలోపే రాకెట్ ముక్కలైంది. పాత రాకెట్‌కు సరిపోయిన కోడ్‌ను కొత్త రాకెట్ లెక్కలతో టెస్ట్ చేయకపోవడమే అసలు లోపం.

అది రాకెట్ కథ, మనకెందుకు అంటారేమో. మన తెలుగు అక్షరం కథ వినండి. 2018 ఫిబ్రవరిలో ఒక మెసేజ్ వస్తే ఐఫోన్‌లో యాప్‌లు టపటపా ఆగిపోయాయి. ఆ మెసేజ్‌లో ఉన్నది 'జ్ఞ' అక్షరం, దాని తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. మామూలుగా 'జ్ఞానం' అని టైప్ చేస్తే ఏమీ కాదు, ఈ వరుస వస్తేనే సమస్య. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ లాంటివన్నీ ఎందుకు పడిపోయాయి? ఎందుకంటే అక్షరాలు చూపించే పనికి అవన్నీ ఆపిల్ ఇచ్చిన కోర్ టెక్స్ట్ అనే ఒకే కాంపోనెంట్ మీద ఆధారపడ్డాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేశారు. చూశారా, కాంపోనెంట్‌లో ఒక్క లోపం ఉంటే దాన్ని వాడే అందరికీ పాకుతుంది.

ఇంకొకటి మన ఉమ్మడి ఆదిలాబాద్‌దే. 2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాల్లో జన్నారం విద్యార్థిని ఒకరికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్ళీ చూస్తే 99. పేపర్ దిద్దినవాళ్ళు ఓఎంఆర్ షీట్‌లో 99 బదులు 00 బబుల్ చేశారని తేలింది. ఇది కోడ్ తప్పు కాదు, మనిషి పొరపాటు. కానీ మనం నేర్చుకోవాల్సింది ఉంది. మార్కులు 0 నుంచి 100 మధ్య ఉన్నాయా అని మాత్రమే చూస్తే 00 కూడా పాస్ అయిపోతుంది. "మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులు, దీంట్లో సున్నా, ఒకసారి చూడండి" అని ఆపే తనిఖీ భాగానికీ భాగానికీ మధ్యలో ఉండాలి. ఆ సున్నా వెనుక ఒక పిల్ల భవిష్యత్తు ఉంది.

సరే, మనం ఏం చేయాలి? ఐదు మాటలు రాసుకోండి.

ఒకటి, ఎంచుకునేటప్పుడే చూడాలి. దాన్ని ఇప్పటికీ ఎవరైనా నడిపిస్తున్నారా, చివరి వెర్షన్ ఎప్పుడొచ్చింది, తెలిసిన లోపాలేంటి, లైసెన్స్ ఏంటి.

రెండు, మన డేటాతో టెస్ట్ చేయాలి. 'లక్ష్మి' అన్న పేరు చూడండి. కంటికి రెండు అక్షరాలే. యూనికోడ్‌లో 7 కోడ్‌లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. పేరుకు 20 బైట్లే ఇచ్చిన కాంపోనెంట్ దాన్ని మధ్యలో నరికేస్తుంది. కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలు ఒత్తులను విడదీసి ప్రింట్ చేస్తాయి. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేస్తే ఇవేవీ బయటపడవు. పత్తి అమ్మిన రైతు స్లిప్ మీద పేరు తప్పు పడితే బ్యాంకు చుట్టూ తిరిగేది ఆయనే, మనం కాదు.

మూడు, కాంపోనెంట్‌ను ప్రోగ్రామ్ అంతటా నేరుగా పిలవకండి. మధ్యలో మనదైన ఒక చిన్న పొర పెట్టండి. లోపలికి వెళ్ళేది, బయటికి వచ్చేది అక్కడే తనిఖీ చేయండి. రేపు కాంపోనెంట్ మార్చాలన్నా ఆ ఒక్కచోటే మారిస్తే సరిపోతుంది.

నాలుగు, విడివిడిగా అయ్యాక కలిపి టెస్ట్ చేయాలి. నెట్ పోతే, జవాబు ఆలస్యమైతే, ఖాళీ డేటా వస్తే ఏమవుతుందో కూడా చూడాలి.

ఐదు, ఏ కాంపోనెంట్ ఏ వెర్షన్ వాడుతున్నామో లిస్టు ఉండాలి. 2021 డిసెంబర్‌లో లాగ్‌4జే అనే జావా లైబ్రరీలో పెద్ద భద్రతా లోపం బయటపడింది. అప్పుడు అందరికీ వచ్చిన మొదటి డౌటు "అసలు ఇది మా దగ్గర ఉందా?" అని. లిస్టు ఉన్నవాళ్ళు త్వరగా తేల్చుకోగలరు, లేనివాళ్ళు వెతుక్కోవాలి. వెర్షన్ మారిన ప్రతిసారీ పాత టెస్టులన్నీ మళ్ళీ నడపాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. కాంపోనెంట్ తయారు చేసినవాళ్ళు వాళ్ళు ఊహించిన వాడకానికి టెస్ట్ చేస్తారు. మన ఊరు, మన భాష, మన మనుషులు వాళ్ళకు తెలియదు, మనకు తెలుసు. కాబట్టి కోడ్ అరువు తెచ్చుకోవచ్చు గానీ బాధ్యత అరువు రాదు.

ఈ వారం ఒక పని చేయండి. మీ ప్రాజెక్టులోని కాంపోనెంట్ల లిస్టు ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన మీరు చేసిన టెస్ట్ రాయండి. ఖాళీగా మిగిలిన గడి దగ్గర నుంచే పని మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.