నూనెకూ నీటికీ పొత్తు ఎందుకు కుదరదు?

పండగనాడు అమ్మమ్మ తలకు నువ్వులనూనె అంటుతుంది. తరవాత ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా జిడ్డు వదలదు. కుంకుడురసం పడితే ఇట్టే వదులుతుంది. కళ్ళు మండుతాయనుకోండి, ఆ సంగతి తరవాత!

నూనె అంటే నీటికి గిట్టదని పెద్దలు కూడా అంటూంటారు. అది సరికాదు. నీటి అణువులకు ఒకదానిపై ఒకదానికి మమకారం ఎక్కువ, అంతే.

నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువూ, రెండు హైడ్రోజన్ పరమాణువులూ ఉంటాయి. ఇవి కొన్ని ఎలెక్ట్రానులను ఉమ్మడిగా ఉంచుకుంటాయి. కాని ఆక్సిజన్ ఆ ఉమ్మడి ఆస్తిని తనవైపుకు ఎక్కువగా లాక్కుంటుంది. అందుచేత దానివైపు కొద్దిపాటి రుణవిద్యుత్తూ, హైడ్రోజన్ వైపు కొద్దిపాటి ధనవిద్యుత్తూ ఏర్పడతాయి. ఒక అణువు ధనభాగం పక్క అణువు రుణభాగాన్ని పట్టుకుంటుంది. ఇలా నీటి అణువులన్నీ చేతులు కలుపుకుని ఉంటాయి. నూనె అణువుల్లో ఉండేవి కార్బన్, హైడ్రోజన్‌ల పొడుగాటి గొలుసులు. అవి ఎలెక్ట్రానులను దాదాపు సమంగా పంచుకుంటాయి. పట్టుకుందామంటే పిడి లేదన్నమాట! అందుకే నూనె పక్కకు నెట్టబడుతుంది.

కుంకుడులోని సాపోనిన్ అణువుకు ఒక కొస నీటితోనూ, మరొక కొస నూనెతోనూ కలుస్తుంది. అది మధ్యవర్తిలా నూనెను నీటికి అప్పగిస్తుంది. సబ్బు చేసేదీ ఈ పనే.

విచిత్రమేమంటే, మన ఒంట్లోని ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కూడా ఇటువంటి రెండు కొసల కొవ్వు అణువులతోనే ఏర్పడింది. 1925లో హాలండులో గోర్టర్, గ్రెండెల్ అనే శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణాల కొవ్వును తీసి నీటిపై ఒకే వరసగా పరిచారు. అది కణాల పైభాగానికి రెండింతల చోటు ఆక్రమించింది. అంటే పొరలో అణువులు రెండు వరసలుగా ఉన్నాయి: తలలు నీటివైపు, తోకలు లోపలికి. తమాషా ఏమిటంటే, వాళ్ళు కొవ్వును పూర్తిగా తీయలేకపోయారు. కణాల వైశాల్యాన్ని కూడా తక్కువగా లెక్కగట్టారు. రెండు తప్పులూ కలిసి జవాబు ఒప్పయింది! పరీక్షలో మీకిలా జరుగుతుందని మాత్రం ఆశపడకండి.

ఇటువంటి పొరలు సుమారు రెండు లక్షలు పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. ఇంత పలచటి పొర చినిగితే కణం బతకదు. 2020లో అందరిచేతా మాటిమాటికీ సబ్బుతో చేతులు కడిగించారు గదా? కరోనా వైరస్ పైతొడుగు కూడా కొవ్వు పొరే. సబ్బు అణువుల తోకలు అందులో దూరి దాన్ని చీల్చేస్తాయి.

మరి మన చేతులకేమీ కాదేం? చర్మం పైన చచ్చిన కణాల కవచం ఉన్నది. కంటి పైపొర కణాలు బతికే ఉంటాయి, వాటికి కవచం లేదు. కుంకుడురసం పోసేటప్పుడు అమ్మమ్మ కళ్ళు గట్టిగా మూసుకోమనేది అందుకే.