చుక్క నూనె మీద పంతం

కీ ఇచ్చే వాచీ వాడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కొన్నేళ్ళయ్యేసరికి అది రోజూ నిమిషాల కొద్దీ వెనకబడేది. బజారులో వాచీ రిపేరు ఆయన కంటికి భూతద్దం బిగించి, విప్పి చూసి, "నూనె ఎండిపోయిందండీ" అనేవాడు. కడిగి, సూదిమొనంత నూనె పెట్టి ఇస్తే మళ్ళీ దారిలో పడేది. ఆ సూదిమొనంత నూనెతోనే జార్జ్ డేనియల్స్ (1926–2011) అనే ఇంగ్లీషాయన ఏళ్ళ తరబడి పేచీ పెట్టుకున్నాడు.

చుట్టిన స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుపోకుండా పట్టి, దాని బలాన్ని కొంచెం కొంచెంగా వదిలే భాగం ఎస్కేప్‌మెంట్. మనకు వినపడే టిక్ టిక్ దానిదే. 18వ శతాబ్దంలో థామస్ మడ్జ్ కనిపెట్టిన లీవరు పద్ధతిలో, చక్రం పన్ను లీవరు కొసనున్న రాయిని రాసుకుంటూ జారిపోతూ నెడుతుంది. సెకనుకు ఐదుసార్లైనా ఈ రాపిడి తప్పదు కాబట్టి నూనె కావాలి. నూనె చిక్కబడితే నెట్టుడు బలం తగ్గుతుంది, టైము తప్పుతుంది.

1970లలో డేనియల్స్ ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు పెట్టాడు. కో-యాక్సియల్ అన్న పేరు అందుకే వచ్చింది. ఉయ్యాలను మనం రాసుకుంటూ నెట్టం, వెనకనుంచి ఒక్క తోపు తోస్తాం కదా, ఇందులోనూ పన్ను అలాగే తోస్తుంది. జారుడు బాగా తగ్గింది, ఆ పనికి నూనె మీద ఆధారమూ తగ్గింది. పేటెంటు 1980లో వచ్చింది. అప్పటికి చవక క్వార్ట్జ్ వాచీల దెబ్బకు స్విస్ కంపెనీలు కుదేలై ఉన్నాయి, స్ప్రింగు వాచీకి కొత్త గుండె కావాలంటే వినేవాళ్ళెవరు? చివరికి 1999లో ఒమేగా దాన్ని మార్కెట్‌కు తెచ్చింది.

కంపెనీ వాచీని షాపులో కొనుక్కోవచ్చు. డేనియల్స్ స్వయంగా చేసిన వాచీ సంగతి వేరు. వాచీ తయారీలో ఉన్న 34 పనుల్లో 32 ఆయనకు వచ్చంటారు. అన్నీ ఒక్కడే చేసేవాడు కనుక జీవితమంతా కలిపినా నలభై కూడా నిండలేదు.

ఆయన దగ్గరికి రోజర్ స్మిత్ అనే కుర్రాడు తాను చేసిన జేబు గడియారం పట్టుకెళ్ళాడు. చేత్తో చేసినట్టు కనిపిస్తోందని పెద్దాయన తిప్పి పంపాడు. మెచ్చుకోలనుకునేరు, తిట్టు! చేత్తోనే చేయాలి, చెయ్యి ఆనవాలు కనపడకూడదు. కుర్రాడు ఏళ్ళపాటు కూర్చుని రెండోది చేశాడు. ఆ రెండో గడియారమే 2023 వేలంలో 49 లక్షల డాలర్లు పలికింది. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని స్మిత్ పనిశాలలో ఏడాదికి తయారయ్యేవి ఇరవైలోపే. డబ్బు చేతిలో ఉన్నా ఏళ్ళ తరబడి కాచుకోవాల్సిందే. అలా దక్కినదాన్ని కీ ఇవ్వకుండా లాకర్లో దాచేవాళ్ళను చూస్తే నాకు జాలి. నడవని వాచీకి నూనె ఎండితేనేం, ఎండకపోతేనేం?

ఇలాంటి వాచీ తన దగ్గర ఉండాలన్న ఆశ డేనియల్స్‌కూ తప్పలేదు. చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళ గౌరవార్థం 'స్పేస్ ట్రావెలర్' అనే గడియారం చేసి, అమ్మేశాడు. 2019 వేలంలో అది 36 లక్షల పౌండ్లు దాటింది. అప్పట్లో దాన్ని అమ్మేశాక మాత్రం ఆయనకు మనసొప్పలేదు. ఎవరి వరసలోనూ నిలబడక్కర్లేని మనిషి కదా, బల్ల ముందు కూర్చుని తనకోసం ఇంకొకటి చేసుకున్నాడు.