మనకు తెలియని పక్షపాతాన్ని కొలవగలమా?

సెలవులకు వచ్చిన మా మనవరాలు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక పరీక్ష పెట్టింది. తెర మీద వచ్చే పేర్లను, మంచి చెడు మాటలను రెండు మీటలతో గబగబా వేరుచేయాలి. ఒక వర్గంవారి మీద నాకు చిన్నచూపు ఉందని వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేస్తే లేదని వచ్చింది. "ఏది నిజం తాతయ్యా?" అంది.

దీని పేరు ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్. 1998లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ బృందం ప్రచురించింది. దీన్ని లోకానికి తెలియజేసినవారిలో ముఖ్యురాలు మహజరీన్ బనాజీ. మన సికింద్రాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదివి హార్వర్డ్‌లో ప్రొఫెసరైన పార్సీ మహిళ.

అడిగితే ఎవరైనా "నాకు అందరూ సమానమే" అంటారు. అందుకే అడగకుండా కొలవాలని చూశారు. పూలను మంచితో, పురుగులను చెడుతో కలపమంటే చెయ్యి చప్పున కదులుతుంది. తిరగేస్తే తడబడుతుంది. ఆ కాస్త ఆలస్యమే లెక్క.

చిక్కు ఇక్కడే ఉంది. ఒకే మనిషి రెండుసార్లు చేస్తే, ఫలితాల పొందిక సగటున 0.5 దగ్గరే ఉంటోంది. పూర్తిగా కలిస్తే 1 రావాలి. పైగా ఆ ఆలస్యం ద్వేషమో, చుట్టూ విన్న మాటల ప్రభావమో చెప్పలేం. ఆ అంకెను చూసి ఒక మనిషి రేపు ఎలా నడుచుకుంటాడో చెప్పడమూ కష్టమే.

మనసును కాక పనిని కొలిచినవారూ ఉన్నారు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 66 వారాలపాటు 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి, 2007లో ఫలితాలు ప్రచురించారు. సమాన అర్హతలున్నా, అగ్రవర్ణ హిందువు పేరుతో పోలిస్తే దళితుడి పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ఇది తెలిసి చేసిందా, తెలియక చేసిందా అన్నది ఈ లెక్క కూడా చెప్పదు. నష్టం మాత్రం కళ్లకు కట్టింది.

నాందేడ్‌లో ఇంటిపేరు వినగానే "మీరు ఎక్కడివారు?" అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. గది అద్దెకు అడిగిన పిల్లలను మనమూ అదే అడుగుతాం. ముప్పై ఏళ్లు ఇన్వర్డ్ రిజిస్టరు రాసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది ఒకటే. సంఘానికి గది కోసం వచ్చినవారిలో ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది ఈ ఏడాది నుంచి రాసిపెడదాం. ఏడాది చివర సమావేశంలో అందరం కలిసి చూద్దాం. నా ఇంటి వివరాలతోనే మొదలుపెడుతున్నాను.