నడుముకు భారం కాకూడదు, చేతికి దూరం కాకూడదు: పిస్టల్‌కు తగిన హోల్‌స్టర్ ఎంపిక

(ప్రత్యేక వ్యాసం)

విధి నిర్వహణలో పిస్టల్ లేదా రివాల్వర్ ధరించవలసిన పోలీసు అధికారులు, ప్రముఖుల వెంట ఉండే వ్యక్తిగత భద్రతా సిబ్బంది, ఆత్మరక్షణ నిమిత్తం లైసెన్సు పొందిన పౌరులు ఆయుధం విషయంలో ఎంతో శ్రద్ధ వహిస్తారు. దాని నిర్మాణం, సామర్థ్యం, తూటాల సంఖ్య గురించి తెలుసుకుంటారు. అయితే ఆ ఆయుధాన్ని రోజంతా ఒంటిపై నిలిపి ఉంచే ఒర, అనగా హోల్‌స్టర్, విషయంలో అంతటి శ్రద్ధ కనిపించదు. దొరికినదానితో సరిపెట్టుకోవడం, పాతబడినా మార్చకపోవడం, మరికొన్ని సందర్భాలలో ఒర లేకుండానే ప్యాంటు నడుములో దోపుకోవడం తరచుగా చూస్తూ ఉంటాం. పొరపాటున తుపాకి పేలిన ఘటనలకు దారితీసే కారణాలలో ఈ నిర్లక్ష్యం ఒకటి. ఈ నేపథ్యంలో హోల్‌స్టర్ ఎంపికలో గమనించవలసిన అంశాలను అధికారులు, పాత్రికేయుల అవగాహన నిమిత్తం ఈ వ్యాసం వివరిస్తున్నది.

సౌకర్యమే భద్రత

హోల్‌స్టర్ చేయవలసిన పనులు ప్రధానంగా నాలుగు. మొదటిది, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పి ఉంచడం. రెండవది, పరుగెత్తినా, వంగినా, తోపులాట జరిగినా ఆయుధం జారిపోకుండా పట్టి ఉంచడం. మూడవది, అవసరమైన క్షణంలో ఆయుధాన్ని ప్రతిసారీ ఒకే చోట, ఒకే కోణంలో చేతికి అందించడం. నాలుగవది, గంటల తరబడి ధరించినా శరీరానికి నొప్పి, ఒరిపిడి కలిగించకపోవడం.

ఈ నాలుగింటిలో చివరిది విలాసమని చాలామంది భావిస్తారు. వాస్తవానికి మిగిలిన మూడూ దానిపైనే ఆధారపడి ఉన్నాయి. ఒర నడుమును నొక్కుతున్నదని భావించిన వ్యక్తి కొద్దిసేపటికే దానిని విప్పి కారు డాష్‌బోర్డుపైనో, కార్యాలయంలోని టేబుల్ సొరుగులోనో, చేతిసంచిలోనో ఉంచుతాడు. అటువంటి ఆయుధం పిల్లల చేతికి చిక్కవచ్చు, దొంగల పాలు కావచ్చు, తీరా ఆపద వచ్చిన వేళ యజమానికే అందకపోవచ్చు. కనుక సౌకర్యంగా లేని హోల్‌స్టర్ ఎంత దృఢమైనదైనా సురక్షితమైనది కాదు.

చట్టం ఏమంటున్నది

ఆయుధాల చట్టం, 1959 కింద కేంద్ర ప్రభుత్వం రూపొందించిన ఆయుధాల నియమావళి, 2016 ఈ విషయాన్ని స్పష్టంగా ప్రస్తావించింది. నియమావళిలోని 32వ నియమం ప్రకారం లైసెన్సుదారు బహిరంగ ప్రదేశంలో పిస్టల్ లేదా రివాల్వర్‌ను తీసుకువెళ్లదలచినచో దానిని అందుకొరకు తయారైన హోల్‌స్టర్‌లో ఒంటికి అమర్చుకొని గానీ, తగిన సంచిలో ఉంచుకొని గానీ వెళ్లాలి. ఆయుధం పూర్తిగా కప్పబడి ఉండాలి. అన్ని వేళలా అది ధరించిన వ్యక్తి సమర్థ నియంత్రణలో ఉండాలి. బహిరంగంగా ఆయుధాన్ని ఝళిపించడం నిషిద్ధం. నియమాన్ని ఉల్లంఘించిన పక్షంలో లైసెన్సు రద్దుకు అవకాశం ఉన్నది. అనగా చొక్కా పైకి కనిపించేలా తుపాకి ధరించి శుభకార్యాలకు, సభలకు హాజరు కావడం హోదాకు చిహ్నం కాదు, నియమోల్లంఘన.

2019లో చట్టానికి చేసిన సవరణ ద్వారా ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. పెళ్లి ఊరేగింపులు తదితర వేడుకలలో ఇతరుల ప్రాణాలకు అపాయం కలిగేలా కాల్పులు జరిపిన వారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలు కల్పించారు. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగులకు ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు ఉన్నప్పటికీ, వారు తమ శాఖాపరమైన నిబంధనలకు, ఆదేశాలకు లోబడి ఉంటారు.

భుజం మీదుగా వచ్చిన బెల్టు

ఉన్నత పోలీసు అధికారులు లాంఛన సందర్భాలలో ధరించే శామ్ బ్రౌన్ బెల్టు వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. భారతదేశంలో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారి శామ్ బ్రౌన్ 1858లో జరిగిన పోరులో ఎడమ చేతిని కోల్పోయారు. నడుముకు వేలాడే కత్తి ఒరను స్థిరంగా పట్టి ఉంచడానికి ఎడమ చేయి అవసరం. ఆ లోటును తీర్చుకొనేందుకు ఆయన నడుము బెల్టుకు తోడు కుడి భుజం మీదుగా వచ్చే మరొక పట్టీని జోడించారు. క్రమేణా పిస్టల్ ఒరకు కూడా ఆ బెల్టులో స్థానం లభించింది. ఒక వ్యక్తి శారీరక అవసరం నుంచి పుట్టిన ఆ అమరిక అనేక దేశాల సైనిక, పోలీసు దళాలకు వ్యాపించింది. ఆయుధం బరువును ఒక్క నడుముపైనే మోపక భుజానికి పంచడం, ధరించే వ్యక్తి శరీరానికి అనుగుణంగా అమరికను మార్చుకోవడం అనే రెండు సూత్రాలు నేటికీ వర్తిస్తాయి.

ఏ ఆయుధానికి ఆ ఒర

తూటాలు నింపిన 9 మి.మీ. గ్లాక్-17 పిస్టల్ సుమారు 900 గ్రాముల బరువు ఉంటుంది. 13 తూటాలు పట్టే ఈశాపూర్ 9 మి.మీ. పిస్టల్ ఉక్కుతో తయారైనది. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014లో విడుదల చేసిన .32 నిర్భీక్ రివాల్వర్ బరువు దాదాపు అర కిలో మాత్రమే. బరువులో, పొడవులో, ఆకృతిలో ఇంతటి వ్యత్యాసం ఉన్నప్పుడు అన్నింటికీ ఒకే ఒర సరిపోదు. పైగా రివాల్వర్‌కు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే సిలిండర్ ఉంటుంది. పిస్టల్ బల్లపరుపుగా ఉంటుంది. ఒకదాని కొరకు కుట్టిన ఒరలో మరొకటి వదులుగానైనా ఉంటుంది, ఇరుక్కొనిపోనైనా పోతుంది. కనుక తమ ఆయుధం నమూనాకు ప్రత్యేకంగా తయారైన హోల్‌స్టర్‌ను, కుడిచేతి లేదా ఎడమచేతి వాటాన్ని బట్టి ఎంచుకోవాలి.

గ్లాక్ తరహా పిస్టళ్లకు విడిగా చేతితో వేసే సేఫ్టీ మీట ఉండదు. లోపలి భద్రతా ఏర్పాట్లు ట్రిగ్గర్ నొక్కినప్పుడే తొలగుతాయి. అటువంటి ఆయుధాల విషయంలో ట్రిగ్గర్‌ను కప్పి ఉంచే గట్టి ఒర తప్పనిసరి.

ఎక్కడ ధరించాలి

యూనిఫాంలో ఉన్నవారికి నడుము పక్కన, బెల్టుకు వెలుపల అమర్చే హోల్‌స్టర్ అన్నివిధాలా అనుకూలం. చేయి సహజంగా అక్కడికే చేరుతుంది. నిలబడి పనిచేసేవారికి భారం తెలియదు. అయితే జీపు ముందు సీటులో గంటల తరబడి కూర్చునేవారికి సీటు అంచు ఒరను పైకి నెట్టి పక్కటెముకలను నొక్కుతుంది. సీటు బెల్టు కూడా అడ్డు వస్తుంది. ఒరను కొద్దిగా ముందుకు జరపడం, లేదా పిడి ముందుకు వంగేలా కోణాన్ని మార్చడం వలన ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

సఫారీ దుస్తులలో ఉండే భద్రతా సిబ్బంది, లైసెన్సుదారులు ప్యాంటు లోపలి వైపున అమర్చే హోల్‌స్టర్‌ను వాడుతూ ఉంటారు. ఇది బయటకు కనిపించదు. కానీ ఒరకు చోటు మిగిలేలా ప్యాంటు నడుము ఒకటి రెండు అంగుళాలు వదులుగా కుట్టించుకోవాలి. శరీరానికి తగిలే వైపు చెమట పీల్చని పొర ఉండాలి.

చంక కింద ధరించే భుజం హోల్‌స్టర్ కారులో ఎక్కువసేపు ప్రయాణించేవారికి సౌకర్యమే. అయితే పైన కోటు వంటి వస్త్రం ఉండాలి. మన ఎండలకు అది కష్టం. కొన్ని నమూనాలలో తుపాకి గొట్టం వెనుక నిలబడినవారి వైపు చూస్తూ ఉంటుందనే విషయం కూడా మరువరాదు. చీలమండ వద్ద కట్టుకొనే ఒర చిన్న ఆయుధాలకే పనికివస్తుంది. వెన్నెముకపై, నడుము మధ్యన ధరించడం మంచిది కాదు. వెల్లకిలా పడినప్పుడు గట్టి లోహం వెన్నును గాయపరిచే ప్రమాదం ఉన్నది. తాళంచెవులు, సెల్‌ఫోను ఉన్న జేబులో ఆయుధాన్ని ఉంచడం ప్రాణాంతకం. తాళంచెవి ట్రిగ్గర్‌కు తగిలితే చాలు, అనర్థం జరగవచ్చు.

బెల్టు, బిగింపు

నడుము నొప్పికి హోల్‌స్టర్‌ను నిందించే ముందు బెల్టును పరిశీలించాలి. సాధారణ పల్చని బెల్టు ఆయుధం ఉన్న చోట కిందికి జారి, బరువునంతా ఒకే బిందువుపై మోపుతుంది. వెడల్పుగా, గట్టిగా, ఒర లూపులకు సరిగ్గా సరిపోయే బెల్టు ఆ బరువును నడుము చుట్టూ పంచుతుంది. అదనపు మ్యాగజైన్ పౌచ్‌ను రెండవ పక్కన ధరిస్తే తూకం కుదురుతుంది.

జనసమూహాల మధ్య బందోబస్తు విధులలో ఉన్నవారికి ఆయుధాన్ని ఇతరులు లాక్కొనే ముప్పు ఉన్నది. వారి హోల్‌స్టర్‌కు బొటనవేలితో తెరిచే పట్టీ లేదా లోపలి తాళం ఉండాలి. లాన్యార్డ్ తాడు మరొక రక్షణ. ఎంత ఎక్కువ బిగింపు ఉంటే అంత ఎక్కువ సాధన అవసరం. తాళం తీయడం అలవాటు కానివారికి ఆ తాళమే అవరోధమవుతుంది.

తోలు, నైలాన్, ప్లాస్టిక్

తోలు ఒర వాడేకొద్దీ శరీరానికి అనుగుణంగా ఒదుగుతుంది. రాపిడి తక్కువ. అయితే తేమను పట్టి ఉంచుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో, వానాకాలంలో, ఆయుధాన్ని రాత్రంతా తోలు ఒరలోనే వదిలితే తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. విధి ముగిసిన వెంటనే ఆయుధాన్ని బయటకు తీసి, తుడిచి, విడిగా భద్రపరచాలి. తడిసిన తోలును నీడలో ఆరబెట్టాలి తప్ప ఎండలో, మంట వద్ద ఆరబెట్టరాదు.

నైలాన్ ఒర చౌక, తేలిక. కానీ మెత్తగా ఉండడం వలన మూతి ముడుచుకుపోతుంది. అచ్చుపోసిన గట్టి ప్లాస్టిక్ ఒరలు చెమటకు, వానకు చెక్కుచెదరవు, ట్రిగ్గర్‌ను గట్టిగా కప్పుతాయి. వాటి అంచులు ఒంటికి గుచ్చుకోకుండా నున్నగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మరలు వదులు కాకుండా తరచు పరీక్షించాలి.

మహిళా సిబ్బందికి ప్రత్యేక శ్రద్ధ

తెలుగు రాష్ట్రాల పోలీసు దళాలలో మహిళల సంఖ్య పెరుగుతున్నది. పురుషుల శరీరాకృతిని దృష్టిలో ఉంచుకొని రూపొందిన ఒర చాలామంది మహిళల విషయంలో తుంటి వంపు వలన పైభాగం లోపలికి వాలి, పిడి పక్కటెముకలకు గుచ్చుకుంటుంది. నడుము నుంచి కొద్దిగా కిందికి, వెలుపలికి ఉండేలా మధ్యలో అడ్డు దిమ్మ అమర్చిన నమూనాలు ఈ సమస్యను తీరుస్తాయి. ఒరల కొనుగోలుకు నిర్దేశాలు సిద్ధం చేసే అధికారులు ధరను మాత్రమే గాక ఈ అంశాన్ని కూడా పరిగణించి, ముందుగా సిబ్బంది చేత ధరింపజేసి చూడడం ప్రయోజనకరం.

ఎంపికకు ముందు పరీక్షలు

ముందుగా మ్యాగజైన్ తీసివేసి, చాంబర్ ఖాళీగా ఉన్నదని కంటితోను, వేలితోను నిర్ధారించుకోవాలి. తూటాలను వేరొక గదిలో ఉంచాలి. ఆ పిమ్మట ఒర ధరించి ఈ కింది విషయాలు పరిశీలించాలి.

* కుర్చీలోను, వాహనంలోను కనీసం అరగంట కూర్చున్నప్పుడు ఎక్కడైనా నొక్కుతున్నదా?
* నేలపై బాసింపట్టు వేసుకొని కూర్చున్నప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు, మోటారు సైకిల్ ఎక్కి దిగినప్పుడు ఆయుధం కదులుతున్నదా?
* పరుగెత్తినా, మెట్లెక్కినా, ముందుకు వంగినా పట్టు సడలుతున్నదా?
* ఆయుధం బయటకు తీసిన తరువాత ఒర మూతి తెరిచే ఉంటున్నదా?
* ఒరలో ఉన్న ట్రిగ్గర్‌ను బయటి నుంచి వేలితో తాకగలుగుతున్నామా? తాకగలిగితే ఆ ఒర పనికిరాదు.

మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు ఆయుధం జారి పడడం అన్నిచోట్లా ఉన్న సమస్య. అటువంటి వేళ ఆయుధాన్ని ఒర నుంచి తీసి కొక్కేనికి తగిలించడం గానీ, నీళ్ల తొట్టిపై పెట్టడం గానీ చేయరాదు. ఒరతో సహా ఒకే వస్తువుగా తీసి దగ్గరే ఉంచుకోవడం ఉత్తమం. అందుకు వీలైన నమూనాను ఎంచుకోవడం వివేకం.

తిరిగి ఒరలో ఉంచేటప్పుడు

ఆయుధాన్ని బయటకు తీయడంలో వేగం అవసరం కావచ్చు గానీ, తిరిగి ఉంచడంలో తొందర ఎన్నడూ అవసరం లేదు. చొక్కా అంచు, ఒర పట్టీ, మెత్తబడి లోపలికి ముడుచుకున్న తోలు ట్రిగ్గర్‌కు అడ్డుపడి ఆయుధం పేలే ప్రమాదం ఉన్నది. అప్పుడు గొట్టం ధరించిన వ్యక్తి తొడ వైపో, పాదం వైపో ఉంటుంది. వేలిని ట్రిగ్గర్‌కు దూరంగా చాచి ఉంచి, ఒర మూతిని కంటితో చూస్తూ నిదానంగా ఉంచాలి. మూతి మెత్తబడిన ఒరను వెంటనే మార్చివేయాలి.

‘మిస్‌ఫైర్’ అనే మాట

అనుకోకుండా తుపాకి పేలిన ఘటనలను వార్తలలో ‘మిస్‌ఫైర్’ అని రాయడం పరిపాటి అయినది. సాంకేతికంగా ఈ మాటకు అర్థం వేరు. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడమే మిస్‌ఫైర్. అనుకోకుండా పేలడం దానికి సరిగ్గా వ్యతిరేకం. ‘పొరపాటున పేలిన తుపాకి’ అని రాస్తే సరిపోతుంది. ఇది కేవలం భాషా విషయం కాదు. ‘మిస్‌ఫైర్’ అన్నప్పుడు దోషం యంత్రానిదన్న భావం కలుగుతుంది. ‘పొరపాటున పేలింది’ అన్నప్పుడు ఆ పొరపాటు ఏమిటి, ఒర ఉన్నదా, ట్రిగ్గర్ కప్పబడి ఉన్నదా అనే ప్రశ్నలు సహజంగా ఉదయిస్తాయి. ఆ ప్రశ్నలకు వెదికే సమాధానాలే రానున్న ప్రమాదాలను నివారిస్తాయి.

ఆయుధం నిత్యం వెంట ఉన్నా, ప్రయోగించవలసిన అవసరం అరుదుగా వస్తుంది. కొందరికి ఉద్యోగ జీవితమంతా రాకపోవచ్చు. హోల్‌స్టర్ మాత్రం ప్రతి రోజూ, ప్రతి గంటా పనిచేస్తూనే ఉంటుంది. కనుక ఆయుధంతో పాటు ఒరను, బెల్టును కూడా నిర్ణీత కాలంలో తనిఖీ చేయడం, సిబ్బందికి వాటి వినియోగంలో తగిన శిక్షణ ఇవ్వడం, అరిగిపోయిన వాటి స్థానంలో కొత్తవి సమకూర్చడం ఎంతైనా అవసరం.