నంబరు చేజారితే పైసలు చేజారినట్టే

తక్కువ ఖర్చుతో ఫోను నంబరు నిలుపుకోవడం, సిమ్ మోసాల నుంచి ఖాతా కాపాడుకోవడం

జంగంపల్లి, బస్వాపూర్, పెద్దమల్లారెడ్డి, భిక్నూర్ మండలంలో ఏ ఊరికి పోయినా మోటారు పెట్టడానికి బయల్దేరే రైతు జేబులో టార్చిలైటుతో పాటు సెల్‌ఫోను కూడా ఉంటోంది. మాట్లాడుకోవడానికే అయితే ఫోను పోయినా నష్టం ఫోను ఖరీదు మాత్రమే. కానీ ఇప్పుడు రైతుభరోసా సొమ్ము, పీఎం కిసాన్ విడత, వడ్లు, మక్కలు అమ్మిన పైసలు అన్నీ బ్యాంకు ఖాతాలోనే జమ అవుతున్నాయి. ఆ ఖాతాకు తాళంచెవి మీ ఫోను నంబరు. బ్యాంకు పంపే ఓటీపీ నంబరుకు వస్తుంది గాని మనిషిని చూసి రాదు. నంబరు ఎవరి చేతిలో ఉంటే వారినే ఖాతాదారు అనుకుంటుంది యంత్రం.

ఈ నంబరు రెండు దారుల్లో చేజారుతుంది. రీచార్జి చేయక మనంతట మనమే వదులుకోవడం ఒకటి. మోసగాడు మన పేరు చెప్పి మరో సిమ్ తీయించుకోవడం రెండోది. మొదటి దాంట్లో దొంగ లేడు, రెండో దాంట్లో ఉన్నాడు. నష్టం మాత్రం రెండింట్లోనూ మనదే. కాబట్టి రెండు దారులూ మూసుకోవాలి.

రీచార్జి మానేస్తే ఏమవుతుంది?

ప్లాను గడువు ముగియగానే బయటికి కాల్ పోదు. కొన్నాళ్ళకు లోపలికి వచ్చే కాల్స్, మెసేజీలు కూడా ఆగిపోతాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం 90 రోజుల పాటు నంబరును ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని మూసివేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు, అంతకు మించి నిల్వ ఉంటే అందులోంచి కోసుకొని మరో 30 రోజులు నిలపాలి. మూసిన తరువాత కూడా తిరిగి తెరిపించుకోవడానికి 15 రోజుల వెసులుబాటు ఉంటుంది.

ఆ గడువూ దాటితే నంబరు మనది కాదు. మూసిన నంబరును కనీసం 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వబోమని, ఆ తరువాత కొత్త వారికి కేటాయిస్తామని 2023 నవంబరులో సుప్రీంకోర్టుకు ట్రాయ్ తెలిపింది. అంటే ఏడాది తిరిగేసరికి మన పాత నంబరు ఎవరో ముక్కూ మొహం తెలియని వారి జేబులో మోగవచ్చు. మనం బ్యాంకులో నంబరు మార్పించుకోకపోతే మన ఓటీపీలు వారికే పోతాయి.

గల్ఫ్‌కు పోయినవారి ఇళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. ఇంటాయన దుబాయిలో ఉంటాడు, ఇక్కడి సిమ్ పెట్టెలో పడి ఉంటుంది. ఖాతాకు మాత్రం అదే నంబరు. ఆ సిమ్‌ను ఏదైనా ఒక ఫోనులో వేసి బతికించుకోవాలి. లేదంటే ఆయన సెలవుకు వచ్చినప్పుడు ఖాతాకు వేరే నంబరు పెట్టించాలి.

ఏ ప్లాను మేలు?

కీప్యాడ్ ఫోను వాడేవారికి డేటా అవసరం లేదు. అయినా చాలాకాలం డేటాతో కలిపి ఉన్న ప్లాన్లే కొనాల్సి వచ్చేది. 2024 డిసెంబరు 23న ట్రాయ్ దీనిపై ఉత్తర్వు ఇచ్చింది. కాల్స్, మెసేజీలు మాత్రమే ఉండే ప్లాన్లను ప్రతి కంపెనీ పెట్టాలని, ప్రత్యేక రీచార్జి గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చని అందులో ఉంది. 2025 జనవరిలో జియో 84 రోజులకు 448 రూపాయలు, 336 రోజులకు 1,748 రూపాయల ప్లాన్లు తెచ్చింది. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849 రూపాయలు పెట్టింది. రోజుకు లెక్కేస్తే అన్నీ అయిదు రూపాయల చిల్లరే. ఈ ధరలు మారుతుంటాయి. అందుకే దుకాణంలో 'నెట్టు లేని, మాట్లాడుకునే ప్లాను ఉందా' అని అడిగి, ఆ రోజు ధర తెలుసుకొని తీసుకోవాలి.

ప్లాను ఎంచుకునేటప్పుడు పైన రాసిన ధర చూస్తే చాలదు. ధరను రోజులతో భాగించి చూడాలి. 28 రోజుల ప్లానును నెల ప్లాను అనుకుంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కట్టాల్సి వస్తుంది. ఈ తిరకాసు పోవడానికి 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాను ఒకటి తప్పక ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది. అడిగితేనే చెబుతారు, అడగండి.

పంట చేతికొచ్చి పైసలు ఆడేది ఏడాదికి రెండుసార్లే. వడ్ల పైసలు పడ్డప్పుడే ఏడాది ప్లాను వేసుకుంటే మధ్యలో మరిచిపోయే బాధ ఉండదు. ఇంట్లో మూడు నాలుగు సిమ్‌లు ఉంటే అన్నింటికీ ఖర్చు పెట్టనక్కరలేదు. బ్యాంకుకు, ఆధార్‌కు, పీఎం కిసాన్‌కు ఇచ్చిన నంబరు ఏదో చూసుకొని దాన్ని ముందు నిలపాలి. ఈ మూడింటికీ ఒకటే నంబరు ఉంటే ఖర్చూ తక్కువ, కాపలా కూడా సులువు. అన్నింటికంటే ముందు పొలం దగ్గర, ఇంట్లో ఏ కంపెనీ సిగ్నలు బాగా అందుతుందో చూసుకోవాలి. చవకని తీసుకున్న సిమ్‌కు సిగ్నలే లేకపోతే ఓటీపీ సమయానికి రాదు.

సిమ్ పాసుబుక్కు, కంపెనీ కంప్యూటరు పహాణీ

ఇక రెండో దారి. నంబరు సిమ్ ముక్కలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. సిమ్‌లో ఉండేది దాని గుర్తింపు సంఖ్య, ఒక రహస్య తాళం. ఫలానా ఫోను నంబరు ఫలానా సిమ్‌కు చెందుతుందన్న సంగతి కంపెనీ కంప్యూటరులో రాసి ఉంటుంది. సిమ్ పాసుబుక్కు అయితే ఆ కంప్యూటరు పహాణీ అన్నమాట. పహాణీలో పేరు మారిపోతే పెట్టెలో పాసుబుక్కు భద్రంగా ఉన్నా లాభం లేదు.

సిమ్ పోయిందనో, పాడైందనో మనం పోతే ఆధారాలు చూసి కొత్త సిమ్ ఇచ్చి, పాతదాన్ని కొట్టేస్తారు. మోసగాడు వాడుకునేది ఈ సౌకర్యాన్నే. ముందుగా మన పేరు, ఆధార్ నకలు, బ్యాంకు వివరాలు సంపాదిస్తాడు. తరువాత దొంగ కాగితాలతోనో, దుకాణంలో పనిచేసేవారిని మచ్చిక చేసుకొనో మన నంబరుకు కొత్త సిమ్ తీయిస్తాడు. ఈ-సిమ్ పేరుతో ఇంకో ఎత్తు ఉంది. కంపెనీ నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోను చేసి, వచ్చిన లింకు నొక్కమంటారు. నొక్కి ఒప్పుకుంటే ముక్క సిమ్ లేకుండానే నంబరు వారి ఫోనుకు పోతుంది.

చదువు రానివారే మోసపోతారని అనుకోవద్దు. 2019 ఆగస్టులో ట్విట్టర్ సంస్థ అధిపతి జాక్ డోర్సీ నంబరునే దొంగలు ఇలా లాక్కొని, ఆయన ట్విట్టర్ ఖాతాలో ఇష్టం వచ్చినట్టు రాశారు. మన దగ్గర 2018 జూన్‌లో బయటపడ్డ పెద్దపల్లి జిల్లా ధర్మారం ఉదంతం రైతులు గుర్తుంచుకోదగ్గది. అక్కడి సిమ్ వ్యాపారి ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూమి దస్తావేజులు దింపుకొని, వాటిపై ఉన్న వేలిముద్రలకు రబ్బరు అచ్చులు చేసి, ఆధార్ పద్ధతిలో వేల సిమ్‌లు తెరిచాడు. భూమి కాగితం మీద వేసిన వేలిముద్ర దొంగ సిమ్‌కు పనికొచ్చింది. అందుకే ఆధార్ యాప్‌లోనో, ఆధార్ కేంద్రంలోనో అడిగి వేలిముద్రలకు లాక్ వేయించుకోవాలి. అవసరం పడ్డప్పుడు తీయవచ్చు.

చేతిలో ఉండేది 24 గంటలు

ప్రభుత్వం కొన్ని అడ్డుకట్టలు వేసింది. టెలికాం శాఖ 2022లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సిమ్ మార్చాక 24 గంటల పాటు కొత్త సిమ్‌లో మెసేజీలు రావు, పోవు. 2024 జులై 1 నుంచి మరో నిబంధన వచ్చింది. సిమ్ మార్చిన 7 రోజుల దాకా ఆ నంబరును వేరే కంపెనీకి మార్చడానికి కావలసిన పోర్టింగ్ కోడ్ ఇవ్వరు.

ఈ 24 గంటలు రైతుకు దొరికిన గడువు. అప్పటిదాకా దొంగకు మెసేజీ ఓటీపీ అందదు. అయితే కాల్ చేసి చెప్పే ఓటీపీలు కూడా ఉన్నాయి కాబట్టి రేపు చూద్దాంలే అనుకోవద్దు.

ఫోనులో సిగ్నలు పోతే కరెంటు లేక టవరు ఆగిందని ఊరుకుంటాం. తేడా ఇట్లా కనిపెట్టాలి. పక్కన అదే కంపెనీ సిమ్ ఉన్నవారికి సిగ్నలు ఉందా చూడండి. వారి ఫోను నుంచి మీ నంబరుకు కాల్ చేయండి. అక్కడ రింగు వినిపిస్తూ మీ చేతిలో ఫోను మోగలేదంటే నంబరు వేరే సిమ్‌కు పోయి ఉండవచ్చు. మీరు అడగకుండానే సిమ్ మార్పు మీద మెసేజీ గాని, పోర్టింగ్ కోడ్ గాని వచ్చినా అనుమానించాల్సిందే.

అనుమానం వస్తే వరుసగా ఈ పనులు చేయాలి. మొదట వేరే ఫోను నుంచి కంపెనీ సేవా కేంద్రానికి చెప్పి నంబరు ఆపించాలి. రెండోది, బ్యాంకుకు చెప్పి ఖాతాలో లావాదేవీలు నిలిపించాలి. మూడోది, పైసలు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే దొంగ ఖాతాలో సొమ్మును అంత తొందరగా ఆపగలరు. తరువాత ఠాణాలో, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఖాతాదారు తప్పు లేకుండా పోయిన సొమ్మును మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుపై భారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో బ్యాంకులకు చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఈ రక్షణ వర్తించడం కష్టం.

ముందు జాగ్రత్తలు

- సిమ్ ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఎప్పుడో ఎవరి ఆధార్ మీదో తీసుకున్న సిమ్‌ను ఖాతాకు పెట్టి ఉంటే, దాని డూప్లికేటు అడిగే హక్కు వారిదే. మీ పేరున మార్పించుకోండి.

- మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఈ సౌకర్యం 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే మొదలైంది. ఒక్కరి పేరున 9కి మించి ఉండరాదు. మీవి కానివి కనిపిస్తే 'నాది కాదు' అని అక్కడే తెలపాలి.

- ఖాతాకు మీసేవ నిర్వాహకుడి నంబరో, దుకాణదారు నంబరో ఇచ్చి ఉంటే బ్యాంకుకు పోయి మార్పించండి.

- ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు దాని మీద ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి అడ్డంగా సంతకం పెట్టండి.

- ఎవరో చెప్పారని స్టార్ 21, స్టార్ 401తో మొదలయ్యే నంబర్లు నొక్కవద్దు. మీ కాల్స్ వారికి మళ్ళుతాయి. ఇప్పటికే నొక్కి ఉంటే ##002# నొక్కితే రద్దవుతాయి.

- ఫోను సెట్టింగుల్లో సిమ్‌కు పిన్ పెట్టుకుంటే దొంగిలించిన సిమ్ వేరే ఫోనులో పనిచేయదు. డూప్లికేటు సిమ్‌ను మాత్రం ఇది ఆపలేదు. పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోతుంది, కంపెనీ ఇచ్చే పీయూకే సంఖ్య కావాలి. తెలిసిన వారి చేత పెట్టించుకోండి.

మోసంతో సిమ్ తీసినవారికి 2023 టెలికాం చట్టంలో మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది. అయితే దొంగకు శిక్ష పడేలోగా ఎరువుల అదను దాటిపోతుంది. రోజుకు అయిదు రూపాయల ఖర్చు, నెలకోసారి కాసేపు పరిశీలన పెట్టుకుంటే పంట సొమ్ము మీ చేతిలోనే ఉంటుంది. ఈ వారమే బ్యాంకుకు పోయినప్పుడు మీ ఖాతాకు ఏ నంబరు ఉందో ఒక్కసారి అడిగి రండి.