కోడ్ కష్టాన్ని అంకె చెప్పగలదా?

అనంతపురం చుట్టుపక్కల కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నారా? అయితే ‘సైక్లొమాటిక్ కాంప్లెక్సిటీ’ ఫార్ములా బట్టీ పట్టే ఉంటారు. పరీక్షకు అది చాలు. ఇంటర్వ్యూలో ‘ఈ కోడ్ కష్టమని ఎలా చెబుతావ్?’ అంటే మాత్రం చాలదు.

1976లో థామస్ మెకేబ్ ప్రతిపాదించిన కొలత ఇది. ప్రోగ్రాంలో దారి చీలే చోట్లు లెక్కపెట్టి ఒకటి కలపాలి, అంతే. 10 దాటకుండా చూసుకోమన్నారాయన.

మన జిల్లా వాన లెక్కలకు రెండు ఫంక్షన్లు రాశారనుకోండి. మొదటిది నెల నంబరిస్తే పేరు చెబుతుంది. స్విచ్‌లో 12 కేసులు. రెండోది మండలాలన్నీ లూప్‌లో తిరుగుతూ, వాన తక్కువా అని ఒక ఇఫ్, దాని లోపల వేరుశనగ విత్తారా అని ఇంకో ఇఫ్ చూసి కరవు జాబితా రాస్తుంది. మెకేబ్ లెక్కలో మొదటిదానికి 13, రెండోదానికి 4! కానీ నెలల పేర్లు చదవడానికి ఎవరికైనా కష్టమేముంది? రెండోది చదివేటప్పుడే ఏ మండలంలో ఉన్నాం, ఏ షరతు దాటాం అన్నది బుర్రలో పట్టుకుని ఉండాలి.

సోనార్‌సోర్స్ సంస్థ తెచ్చిన ‘కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ’ ఈ తేడా పట్టుకుంటుంది. స్విచ్ మొత్తానికి 1. లూప్‌కు 1, లోపలి ఇఫ్‌కు 2, దాని లోపలి ఇఫ్‌కు 3... మొత్తం 6. లోపలికి పోయేకొద్దీ వడ్డీ పెరుగుతుందన్నమాట.

అలాగని అంకెలను గుడ్డిగా నమ్మలేం. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో 19 మంది చేత ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కానర్‌లో కోడ్ చదివించారు. 41 కొలతలతో పోల్చి చూస్తే, అవి మెదడు పడే శ్రమను కొంతమేరకే చెప్పగలిగాయి. కోడ్ పొడవు దృష్టిని లాగేస్తోందనీ, అందులో వేర్వేరు పేర్లు, గుర్తులు పెరిగితే జ్ఞాపకశక్తికి బరువవుతోందనీ తేలింది.

ఈ వారం మీ ప్రాజెక్టు కోడ్ ఒకసారి తీయండి. పైథాన్ అయితే ‘రాడాన్’ అనే ఉచిత టూల్ మెకేబ్ అంకె చెప్పేస్తుంది. తర్వాత ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఫ్రెండ్ చేత కోడ్ పైకి చదివించండి. ఎక్కడ ఆగి వెనక్కి వెళ్తున్నారో రాసుకోండి. టూల్ చూపిన చోటు, ఫ్రెండ్ ఆగిన చోటు వేర్వేరైతే ఇంటర్వ్యూకి మంచి సరుకు దొరికినట్టే.

కరవు ఫంక్షన్‌లో ‘వాన సరిపడా పడితే తర్వాతి మండలానికి పో’ అని పైనే కంటిన్యూ పెట్టి చూడండి. మెకేబ్ అంకె 4 దగ్గరే ఉంటుంది, కాగ్నిటివ్ 6 నుంచి 5కి దిగుతుంది. ‘ప్రాజెక్టులో నువ్వేం చేశావ్?’ అని అడిగితే ఆ రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూపించండి.