సవర పిల్లలకు పుస్తకాలు రాసిన పంతులుగారు



మీరు బడిలో చేరిన మొదటి రోజు జ్ఞాపకం ఉందా? పంతులుగారు కూర్చోమంటే కూర్చున్నారు, పలక తీయమంటే తీశారు. ఆయన మీద భయం ఉంటే ఉండవచ్చు గాని ఆయన మాట మాత్రం మీకు అర్థమైంది. ఇంట్లో అమ్మ మాట్లాడేదీ ఆ తెలుగే కదా!

మన పార్వతీపురం మన్యంలో సీతంపేట, భామిని, కురుపాం కొండలలో ఉండే సవర పిల్లవాడికి ఆ మొదటి రోజు అలా ఉండదు. వాడి తల్లి మాట్లాడేది సవర భాష. అది తెలుగుకు దగ్గర చుట్టం కాదు, దూరపు చుట్టమూ కాదు. ముండా భాషల కుటుంబంలోది. దాని బంధువులు ఎక్కడో జార్ఖండ్ వైపు మాట్లాడే సంతాలీ, ముండారీ భాషలు. లెక్క పెట్టే పద్ధతే వేరు చూడండి. మనం పది దాటగానే పదిని ఆసరా చేసుకొని పదకొండు, పన్నెండు అంటాం. సవరలు పన్నెండు దాకా వేరు వేరు పేర్లతో ఎంచుతారు. పదమూడు అనాలంటే 'పన్నెండూ ఒకటీ' అంటారు. ఇరవై వచ్చాక ఇరవైలతో లెక్క. ముప్పైమూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి! ఎక్కం ఒప్పజెప్పలేదని సవర పిల్లవాణ్ణి మొద్దబ్బాయి అనేవారు ముందు ఈ లెక్క తాము కట్టి చూపాలని మా మనవి.

ఈ పిల్లల కోసం వారి భాషలోనే పుస్తకాలు రాసిన ఒక పంతులుగారి కథ మీకు చెప్పాలని ఈ నెల మేము అనుకొన్నాము. ఆయన పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29. ఆ రోజున మన రాష్ట్రంలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు గనుక ఆ పేరు మీరు బడిలో వినే ఉంటారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన పెద్దమనిషి అని మాస్టారు చెప్పి ఉంటారు. సవర పిల్లల సంగతి మాత్రం చాలామంది చెప్పరు.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు చిన్న ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి అక్కడే 1875లో జ్వరంతో చనిపోయారు. అప్పటికి కుమారుడికి పన్నెండేళ్లు. విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నాడు. 'కన్యాశుల్కం' రాసిన గురజాడ అప్పారావుగారు ఆ బడిలో ఆయన సహాధ్యాయి. ఒకే తరగతి నుండి అలాంటివారు ఇద్దరు వచ్చారంటే ఆ బడి పంతుళ్లను మెచ్చుకోవలసిందే. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, ఇంటి బరువు మీద పడినందున పై చదువు మానుకొని పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. బి.ఏ. పరీక్షకు తరువాత సొంతంగా చదువుకొన్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలే. అక్కడి సవరలు దిగువనున్న సంతకు వస్తూ ఉండేవారు. కొండ నుండి దిగి వచ్చినవారు భాష రాక వర్తకుల దగ్గర మోసపోవడం ఆనాడు కొత్త కాదు. వీరికి చదువు కావాలి అనుకొన్నారు పంతులుగారు. అలా అనుకొన్నవారు ఇంకా ఉండవచ్చు. ఆయన అక్కడితో ఆగలేదు. వీరికి చదువు చెప్పాలంటే ముందు నేను వీరి భాష నేర్చుకోవాలి అని నిశ్చయించుకొన్నారు.

ఎలా నేర్చుకోవడం? ఆ భాషకు అప్పట్లో సొంత లిపి లేదు, పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక సవరను తన ఇంట్లోనే ఉంచుకొని, భోజనం పెట్టి, ఆయన దగ్గర శిష్యుడై నేర్చుకొన్నారు. పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నూరేళ్లకు పైబడిన కాలం అది. రామమూర్తిగారు బ్రాహ్మణులు. కొండవారిని గడప తొక్కనివ్వని ఇళ్లు ఎన్నో ఉండే ఆ రోజులలో, బడిపంతులు ఒకాయన సవరను ఇంట్లో పెట్టుకొని గురువుగా చూసుకోవడం సామాన్యమైన సంగతి కాదు.

తరువాత తానే కొండలకు వెళ్లి పాటలు, కథలు, సామెతలు వ్రాసుకొన్నారు. పిల్లలకు వాచకాలు రాశారు. తన జీతంలో నుండి ఖర్చు పెట్టి సవర పిల్లలకు బడులు పెట్టించారు, ఆ బడుల పంతుళ్లకు జీతాలు ఇచ్చారు. ఆయన తయారు చేసిన సవర పుస్తకాలను 1911లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించి, ఆయనకు ప్రతిఫలంగా డబ్బు ఇవ్వజూపింది. ఆయన పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో సవరల కోసం ఒక మంచి బడి పెట్టండి, దాన్ని నేనే నడుపుతాను అని జవాబిచ్చారట! చేతిలో ఉన్నదంతా కొండ బడులకు పెట్టే మనిషికి డబ్బు అవసరం లేక కాదు.

ఇక కష్టమైన సంగతి చెప్పాలి. మన మన్యంలో దోమలు, జ్వరాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ రోజులలో మలేరియాకు మందంటే క్వినైనే. అడవులలో తిరిగి జ్వరం తెచ్చుకోవడం, క్వినైన్ మింగడం, మళ్లీ అడవికి పోవడం. ఆ మందు వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. మాటలో గొంతు ఎక్కడ ఆగుతుంది, ఏ అచ్చు ఎలా పలుకుతుంది అని చెవితో పట్టి రాసుకొనే మనిషికి ఆ చెవులే పోయాయి! అయినా సుమారు ముప్పై ఏళ్లు పట్టిన ఆ పని ఆపలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. నేటికీ సవర భాష మీద పని చేసే విద్వాంసులు ఆ పుస్తకాలు తెరవకుండా ముందుకు పోలేరు. లిపి లేని భాషను కాగితం మీద పెట్టడం ఎంత శ్రమో మన సంఘాలలోని పెద్దలకు తెలుసు. సవర కొండలలో పని చేసిన కెనడియన్ బాప్తిస్టు మిషనరీలు ఆ భాషలోకి లేఖనాలు తేవడానికి ఎన్నో సంవత్సరాలు పాటుపడ్డారు.

తెలుగు విషయంలో కూడా ఆయన పట్టిన పట్టు ఇదే. పిల్లవాడికి అర్థమయ్యే మాటలో పుస్తకం ఉండాలి. అప్పటి తెలుగు పుస్తకాలు ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాషలో ఉండేవి. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి వాదించారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు ఉపన్యసించారట. మీ పాస్టరుగారి ప్రసంగం కాస్త ఎక్కువైందని ఇకమీదట సణగకండి!

ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతిగారు తండ్రితో కలిసి సవర భాష మీద పని చేశారు. సవరల గురించి, వారి దేశం గురించి ఇంగ్లీషులో విపులంగా రాశారు. అలాంటి పండితుడే తెలుగు పిల్లల కోసం కూర్చుని 'చిలకమ్మ పెండ్లి' రాశారు. మీ అమ్మమ్మగారిని అడగండి, చిన్నప్పుడు పాడుకొన్నదే అంటారేమో. సీతాపతిగారు 1969లో కన్నుమూశారు.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరింది. ఆ ఏర్పాటు రామమూర్తిగారికి సమ్మతం కాలేదు. డెబ్బై మూడో ఏట, ఏళ్ల తరబడి కాపురమున్న ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. అదే సంవత్సరం సవరలలోనే మాంగెయి గొమాంగో అనే ఆయన తమ భాషకు సొంత లిపి కల్పించారు. దానిని సొరాంగ్ సోంపెంగ్ అంటారు. మన వైపు సవర పుస్తకాలు తెలుగు అక్షరాలతోనే వస్తున్నాయి.

రామమూర్తిగారు 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. కొండబడులలో తెలుగు వాచకమే ఉండేది. మన సంఘాల నుండి కూడా ఎందరో కొండ గ్రామాలలో ఉపాధ్యాయులుగా పని చేశారు. మొదటి తరగతి పిల్లలు నోరు విప్పకుండా కూర్చుంటే ఎంత బాధో వారు చెప్పగలరు. ఏడాది, రెండేళ్లు అలా కూర్చుని, చివరకు పలక ఇంట్లో పారేసి, పోడు పనికో మేకల వెంటో పోయే పిల్లలు ఎందరో.

2003-04లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులకు మాతృభాషా బోధన ప్రారంభించింది. వాటిలో సవర ఒకటి. ఆ డబ్బుతో బడి పెట్టండి అని పంతులుగారు మద్రాసు ప్రభుత్వాన్ని అడిగిన నాటికి, సవర పిల్లల చేతికి సర్కారు బడిలో తమ భాష వాచకం వచ్చిన నాటికి మధ్య తొంభై రెండేళ్లు గడిచాయి.